గొట్టం బయట మనిషి

మొన్న ఆదివారం పొద్దున ఫోన్‌కి ఒక ప్రశ్న వచ్చింది. పంపినవాడెవడో నాకు తెలియదు. పొగమంచు కమ్మిన ఫ్యాక్టరీలో తుపాకీ పట్టుకుని ఒంటరిగా తిరిగే ఆ ఆట ఆడదగిందేనా, ఒక్క ముక్కలో చెప్పమని హిందీలో అడిగాడు.

నన్నే అడగడానికి కారణం ఉంది. జంషెడ్‌పూర్ పక్కన గోవింద్‌పూర్‌లో ఒక కాంట్రాక్టు ఆఫీసులో మనుషుల హాజరు చూడడం నా ఉద్యోగం. సెలవు రోజుల్లో వీడియో గేములు ఆడి, ఏది బాగుందో ఏది లేదో చెబుతూ వీడియోలు పెడుతుంటాను. ఈ ఆట మీద కూడా మూడేళ్ళ కిందట ఒక వీడియో చేశాను. నత్తనడక అన్నాను. తుపాకీ చేతికిచ్చి కాల్చడానికి ఎవడినీ ఇవ్వలేదని వెక్కిరించాను. డబ్బులు దండగ, వద్దు అని తేల్చిపారేశాను.

ఇప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పలేక మూడు రోజులుగా నానుస్తున్నాను. ఆ ఆట పేరు కనబడితే చాలు, సిద్ధగోరాలో మా కింది వాటాలో ఉండే బాబాయి కళ్ళముందుకొస్తాడు. ఆయన పోయి ఈ వానాకాలానికి ఏడాది. మాకు చుట్టరికమేమీ లేదు. ఆయనది శ్రీకాకుళం వైపు, మాదీ అటే. జంషెడ్‌పూర్‌లో వరస కలవడానికి ఆ మాత్రం చాలు.

ఆయన పేరు రాయను. ఆయన పనిలో పేరు రాయడానికి ఒక పద్ధతి ఉండేది. ఫ్యాక్టరీలో పెద్ద గొట్టంలోకో ట్యాంకులోకో మనిషి దిగేటప్పుడు బయట పలక మీద సుద్దతో అతని పేరు రాస్తారు. పైకి రాగానే చెరిపేస్తారు. పలక మీద పేరుందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. అందుకే తన పేరు ఎక్కడ రాసి కనబడినా బాబాయికి పడేది కాదు. గేటుకి పేరు పలక కూడా పెట్టించుకోలేదు.

ఆయన ఉద్యోగమేమిటో చెబితే నవ్వుతారు. మొదట్లో కొన్నేళ్ళు తప్పిస్తే, మిగతా కాలమంతా ఆయన చేసిన పని బయట కూర్చోవడమే. లోపలికి ఒకడు దిగితే బయట నోటి దగ్గర ఒకడు ఉండి తీరాలి. స్టాండ్‌బై మనిషి అంటారు. వాడు స్పానర్ అందించకూడదు, బీడీ కాల్చకూడదు, మూత్రానికి కూడా ఇంకొకడు వచ్చి కూర్చుంటే గానీ లేవకూడదు. నాలుగైదు నిమిషాలకోసారి లోపలికి వంగి, ఉన్నావా అన్నట్టు, "హై క్యా?" అని పిలవాలి. లోపలినుంచి "హూఁ" అని జవాబు రావాలి. రాకపోతే గంట కొట్టాలి. అంతే ఉద్యోగం. రిటైరయ్యాక ఆ అలవాటును ఎక్కడ పెట్టాలో తెలియక ఇంటికి తెచ్చుకున్నాడు.

పిన్ని స్నానానికి వెళితే తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

"ఉన్నావా?"

"ఉండక ఎక్కడికి పోతాను? నీళ్ళోసుకుంటన్నాను."

కాసేపాగి మళ్ళీ, "ఉన్నావా?"

"నానున్నాను గాని, నువ్వు ముందు కుక్కరు కట్టెయ్యి!"

ఈ సంభాషణ మెట్ల మీదికి రోజూ వినబడేది. షేర్ ఆటోలో బయటి అంచునే కూర్చునేవాడు, వాన కొట్టినా సరే. గుడిలో క్యూకి ఇనప కడ్డీలు కడతారు కదా, వాటి మధ్యకి వెళ్ళేవాడు కాదు. "నువ్వెల్లి దండం పెట్టుకోయే, నాను చెప్పులు చూత్తాను" అనేవాడు. మనిషి భక్తిలేనివాడని మా వీధిలో కొందరు అనుకున్నారు కూడా.

ఆయన మా గడప మొదటిసారి తొక్కింది పరుగున వచ్చి. ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆ ఆటను కంప్యూటర్లోంచి తీసేసే ముందు చివరిసారి తెరిచి, స్పీకర్లు పెద్దగా పెట్టి ఊరికే తిరుగుతున్నాను. అందులో ఒకచోట గొట్టాల లోపల ఎక్కడో ఠంగ్, ఠంగ్, ఠంగ్ అని మూడు దెబ్బలు వినబడతాయి. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ మూడు. అప్పుడు మా తలుపు విరిగిపోతుందేమో అన్నట్టు బాదారు. తీస్తే బాబాయి. లుంగీ, భుజాన తువ్వాలు, ఒక కాలికే చెప్పు.

"అందర్ కౌన్ హై? ఎవులురా లోపల?"

"ఎక్కడ లోపల, బాబాయ్?"

"గొట్టం లైన్లో ఎవులో ఉండిపోనారు. కొడతన్నాడు. నీకు ఇనబడతలేదేటి?"

నేను తెర వైపు చూపించాను. ఆయన నమ్మలేదు. వెళ్ళి స్పీకర్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. మళ్ళీ మూడు దెబ్బలు మోగాయి. చెయ్యి తీసేశాడు.

"ఇది ఆటా?"

"ఆటే."

"మరి కొడతన్నోడెవుడు?"

"ఎవడూ లేడు బాబాయ్. వాతావరణం కోసం పెట్టిన చప్పుడు, ఊరికే."

"ఊరికే ఎవులైనా కొడతారేటి?" అని నా మంచం మీద కూలబడ్డాడు. ఊపిరి ఇంకా అందలేదు. "ఎల్లు. ఎల్లి చూడు."

నిజం ఒప్పుకోవాలి. ఆ ఆట నేను రెండుసార్లు పూర్తిచేశాను. ఆ దెబ్బలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఒక్కసారైనా వెళ్ళి చూడలేదు. ఆయన కోసం వెళ్ళాను. ముప్పావు గంట పట్టింది. వెనక మంచం మీదనుంచి ఆయన నాలుగైదు నిమిషాలకోసారి "ఉన్నావా?" అంటాడు, నేను "ఉన్నా" అంటాను. చివరికి ఒక పాడుబడ్డ గదిలో పైనుంచి వేలాడే గొలుసు గాలికి ఊగి గొట్టానికి తగులుతోంది. అదే చప్పుడు. బాబాయి కళ్ళు మూసుకుని, "మనిషి కాదు. అంతే చాలు" అని లేచి, రెండో చెప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ దిగిపోయాడు.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళుతుంటే పిన్ని మెట్ల దగ్గర పట్టుకుంది.

"బాబూ, నీకాడేదో గొట్టాలాట ఉన్నాదంట. ఈయన చేత ఆడించవా?"

నాకు నవ్వొచ్చింది గానీ ఆమె ముఖం చూసి ఆపుకున్నాను. రెండు నెలలుగా బాబాయి ఎడమ చేతిలోంచి గ్లాసు జారిపోతోందట. లేస్తే తల తిరుగుతోందట. తల లోపల ఏముందో బొమ్మ తీయాలి, అది చూడందే మందు రాయను, ఆలస్యమైతే చెయ్యి మొత్తం పోవచ్చు, మనిషే పోవచ్చు అని డాక్టరు చెప్పేశాడట. ఆ బొమ్మ తీసే యంత్రం ఒక గొట్టం. బాబాయి రెండుసార్లు వెళ్ళాడు. బల్ల లోపలికి కదలగానే రెండుసార్లూ దూకేసి ఇంటికొచ్చేశాడు.

"సూదికి బయపడడు. కత్తికి బయపడడు. ఆ గొట్టం మాటెత్తితే అన్నం మానేత్తాడు. నిన్న నీకాడ్నుంచి దిగొచ్చి, మళ్ళీ ఓపాలి ఎల్లి చూడొచ్చేమోనే అన్నాడు. ఆ ఆటలో ఏటి చూసినాడో నాకు తెలీదు. ఆడించు బాబూ."

అలా నేను వద్దని ఊరంతా చాటిన ఆటను మా బాబాయికి నేర్పించే పని నా నెత్తిన పడింది.

ఆయన ఆడే తీరు నేనెక్కడా చూడలేదు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు పైకి చూసేవాడు. తెర నిండా కప్పే కనబడేది. అలా పైకి చూస్తూనే నడిచి గోతిలో పడి చచ్చిపోయేవాడు.

"కింద చూడు బాబాయ్."

"పైన హుక్కుకి ఏటైనా యేలాడతన్నాదేమో చూసుకోవద్దేటి?"

తుపాకీ ఎందుకిచ్చారో ఆయనకు అర్థం కాలేదు. దాని మడమతో గోడలు తట్టి చూసేవాడు. పొగమంచులోంచి ఒక వికారపు ఆకారం కాళ్ళీడ్చుకుంటూ వస్తుంది. నేనైతే ముందు కాల్చి తర్వాత ఆలోచిస్తాను. ఆయన పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. "పోనీరా. డ్యూటీ దిగి ఇంటికెల్తన్నాడేమో." అది నిజంగానే ఆయన్ని దాటి వెళ్ళిపోయింది! కదలకుండా నిలబడితే అది ఏమీ చేయదని రెండుసార్లు ఆట ముగించిన నాకు తెలియదు.

మెచ్చుకోవలసినవి మెచ్చుకునేవాడు. "తుప్పు బాగా తీసినారు. ఇది వాన తుప్పు కాదు, ఆవిరి తుప్పు. తీసినోడెవుడో లోపల పనిచేసినోడే." తిట్టవలసినవి తిట్టేవాడు. ఇంత ఫ్యాక్టరీలో ఎక్కడా ఇసక బకెట్ లేదు, సుద్ద పలక లేదు. అన్నిటికంటే పెద్ద తప్పు, మనిషిని ఒంటరిగా లోపలికి పంపించారు.

అందుకని నేను స్టాండ్‌బై. ఆటలో ఆయన ఏదైనా గొట్టంలోకి దూరాలంటే నేను పక్కన కుర్చీలో కూర్చుని పిలుస్తూ ఉండాలి. మొదటి రెండు ఆదివారాలూ సక్రమంగా పిలిచాను. మూడో ఆదివారం ఆయన ఒక పొడుగాటి గొట్టం మధ్యలో ఉండగా ఆఫీసునుంచి మెసేజ్ వచ్చింది. జవాబు రాసి తలెత్తేసరికి ఆయన చేతిలోని కంట్రోలర్ మంచం మీద పెట్టేసి నా వైపే చూస్తున్నాడు.

"నువ్వు పిలిచి ఎంతసేపయినాది?"

"రెండు నిమిషాలు, బాబాయ్..."

"పది."

లేచి వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులు మళ్ళీ పైకి రాలేదు. నేను కిందికెళ్ళి తప్పయిపోయిందన్నాను. "ఆటే కదరా, దానికి తప్పేటి" అన్నాడు గానీ కళ్ళు ఎత్తలేదు. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన చేతిలోంచి పప్పుగిన్నె జారి పిన్ని పాదం కాలింది. గిన్నె పడిన చప్పుడు నేను పైనుంచి విన్నాను. నాకు నిజంగా సిగ్గేసింది. ఇంత చిన్న పని చేతకాలేదే అని ఏడుపొచ్చింది కూడా. పదోరోజు సాయంత్రం కిందికి దిగి, నా ఫోన్ పిన్ని చేతిలో పెట్టి మెట్లెక్కాను. నా వెనకే ఆయన చెప్పుల చప్పుడు వినబడింది.

ఆ తర్వాతే నా కంట్లో ఒక విషయం పడింది. కొన్ని గొట్టాల్లోకి ఆయన ఠీవిగా దూరిపోయేవాడు. కొన్నిటి దగ్గర నోట్లో తల పెట్టి, కాసేపు ఆగి, వెనక్కి తిరిగేవాడు. ఎందుకని? చీకటికి భయమా అంటే కటిక చీకటివాటిలోకీ వెళ్ళాడు. పొడుగుకా అంటే నాలుగడుగుల దానినుంచి కూడా తిరిగొచ్చాడు. నాకు ఆటలు చూసేటప్పుడు కాగితం మీద రాసుకునే అలవాటుంది. అన్నీ రాసిపెట్టుకుని, ఆయన లేనప్పుడు ఒక్కొక్కదానిలోకి వెళ్ళి చూశాను. ఆయన తిరిగొచ్చేసినవి ఐదు. ఐదూ అవతల మూసుకుపోయినవే.

"నీకెలా తెలిసింది, బాబాయ్? లోపలికి వెళ్ళకుండానే?"

"ఇనబడలేదేటి? తెరిచిన లైన్లో గాలి పోతాది. మూసిన లైన్లో గాలి నిలబడతాది. ఈ ఆట తయారు చేసినోళ్ళు అది బాగా పెట్టినారు."

స్పీకర్లకి చెవి ఆనించి రెండూ పక్కపక్కన విన్నాను. తేడా ఉంది! ఆ ఆట శబ్దాల గురించి నా వీడియోలో ఒక్క మాటైనా చెప్పలేదు.

అప్పుడు చెప్పాడు. వయసులో ఉండగా ఊరి బయట ఒక చిన్న ఫౌండ్రీలో కాంట్రాక్టు పని. ఇప్పుడా ఫౌండ్రీ లేదు. లైన్ మూయాలంటే గొట్టానికి గొట్టానికి మధ్య ఇనప పలక వేసి బోల్టులు బిగిస్తారు, దాన్ని బ్లైండ్ అంటారు. ఆ రోజు ఆయన లోపల మసి గోకుతున్నాడు. అవతల బ్లైండ్. ఇవతల నోటి దగ్గరున్నవాడికి షిఫ్టు అయిపోయింది, రావలసినవాడు రాలేదు, ఉన్నవాడు ఆగలేదు. లాంతరు ఆరిపోయింది.

"దారి తప్పీ లైను కాదది. ఒక్కటే గొట్టం. ఎనక్కి పాకితే వచ్చీడమే. అయినా రాలేకపోనాను రా. పిలుపు ఇనబడితే ఇవతల ఏటో అవతల ఏటో తెలుత్తాది. పిలుపు లేదు. బ్లైండు కాడికే పాకీసినాను, రెండుసార్లు. దాన్ని చేత్తో కొడతా కూకున్నాను. మూడు దెబ్బలు, ఆగడం. మూడు దెబ్బలు, ఆగడం."

ఎవరో విని తీశారు. దెబ్బ కూడా తగల్లేదు. ఆ మర్నాటినుంచి ఆయన ఎప్పుడూ లోపలికి దిగలేదు, బయటే కూర్చున్నాడు.

 నా మనసులో మెదిలిన మాట అడిగేశాను. "బాబాయ్, ఆ స్కాన్ గొట్టానికి అవతల ఏముంది?"

"ఏటుంటాది? బ్లైండే."

"చూశావా?"

"చూడ్డానికేటున్నాది? లోపలికి తోత్తారు, మళ్ళీ ఇటే లాగుతారు. అవతల తెరిచుంటే అటేపునుంచే తీద్దురు కదా?"

 నేనూ ఆ యంత్రాన్ని ఎప్పుడూ చూసినవాణ్ణి కాదు. మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ఆ స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళి, అక్కడ స్కాన్ తీసే అమ్మాయిని బతిమాలుకున్నాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, అందులోని అయస్కాంతం ఇనుమును లాగేస్తుందని జేబులు ఖాళీ చేయించి, యంత్రం వెనక్కి తీసుకెళ్ళి చూపించింది. ఆఫీసుకి తిరిగొస్తూ నేను ఒంటరిగా నవ్వుకున్నాను. ఆయనకు మాత్రం నోటితో చెప్పలేదు. లైన్ సంగతి ఇంకొకడు చెబితే నమ్మే మనిషి కాదు ఆయన.

మధ్యలో ఇంకొక మాట. ఆ ఆట ఆడదగిందేనా అని ఆయన్నీ ఒకసారి అడిగాను. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఆలోచించాడు. "బాగున్నాది. ఓపిగ్గా తీసినారు. కాల్చుదామనొచ్చినోడు ఏడుత్తాడు, చూద్దామనొచ్చినోడు ఉంటాడు. ఒక్కటే రా, దీన్ని ఒక్కడూ ఆడకూడదని డబ్బా మీద రాయాల." ఆ ప్రశ్న పంపినవాడికి ఈ మాటలే హిందీలోకి మార్చి పంపిద్దామనుకుంటున్నాను. వాడికి ఒక్క ముక్క కావాలి, ఇది నాలుగు ముక్కలైంది. చదివితే చదువుతాడు.

స్కాన్ రోజున పిన్ని బయట కూర్చుంది, ఆయన వాచీ, ఉంగరం, కళ్ళజోడు, నా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని. మేమిద్దరం లోపలికి వెళ్ళాం. బల్ల చూడగానే ఆయన కాళ్ళు ఆగిపోయాయి.  నేను ఆయన్ని బల్ల వైపు తీసుకెళ్ళలేదు. యంత్రం చుట్టూ తిప్పి వెనక నిలబెట్టి, నేను మళ్ళీ ముందుకొచ్చాను.

ఆయన వంగాడు. నేనూ ఇటునుంచి వంగాను. గొట్టం అవతల ఆయన ముఖం గుండ్రంగా కనబడింది.

చాలాసేపు అలాగే చూశాడు. గొట్టం అంచు లోపల చెయ్యి పెట్టి గాలి పోతోందో లేదో చూసుకున్నాడు. తర్వాత, ఆయన నన్ను ఎప్పుడూ పిలవని పనిగొంతుతో, "హై క్యా?" అన్నాడు.

"హూఁ" అన్నాను.

"రెండు పక్కలా తెరిచే పెట్టుకుని నాకు చెప్పరేటి?" అని ఆ అమ్మాయి మీద తెలుగులోనే కోప్పడి, వచ్చి పడుకున్నాడు.

భయమేస్తే నొక్కమని ఆమె ఆయన చేతికి రబ్బరు బుడ్డి ఇచ్చింది. అది ఆయనకు నచ్చలేదు. "ఇది నొక్కితే ఆ అద్దం ఎనకాల మోగుతాది. ఆవిడ టీకెల్తే?" అని నా వైపు చూశాడు. యంత్రం మొదలైతే చెవులు పగిలే చప్పుడు, నా పిలుపు వినబడదు. కాళ్ళు బయటే ఉంటాయి కనక ఒప్పందం కుదుర్చుకున్నాం. నేను కుడికాలి బొటనవేలు లాగాలి, ఆయన ఒకసారి ఆడించాలి. తల కదపకూడదని ఆ అమ్మాయి మూడుసార్లు చెప్పి అద్దం వెనక్కి వెళ్ళింది. బల్ల కదిలింది. ఆయన దూకలేదు.

రిపోర్టు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చెప్పబుద్ధి కాదు. ఒక చిన్న నరంలో రక్తం గడ్డకట్టింది. మందులకు లొంగింది. చెయ్యి నెమ్మదిగా దారికొచ్చింది. రెండేళ్ళు గ్లాసు పట్టుకుని టీ తాగాడు, పిన్ని స్నానాల గది బయట కాపలా కాశాడు. పోయింది గుండె ఆగి, ఇంట్లో, వరండాలో కుర్చీలో.

ఆ రోజు మాత్రం నేను ఆయన కాళ్ళ దగ్గర ఇనుము లేని ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. వేలు లాగాను, ఆడించాడు. మళ్ళీ లాగాను, ఆడించాడు. యంత్రం ఇనుము కోస్తున్నట్టు, మేకులు కొడుతున్నట్టు రకరకాలుగా మోగుతోంది. ఆరుసార్లు జవాబొచ్చింది. ఏడోసారి లాగాను. వేలు కదల్లేదు. గట్టిగా లాగాను. కదల్లేదు.

 ఆయన తలలో ఉన్నదేదో ఇప్పుడే పగిలిందనుకున్నాను. లేచి, "బాబాయ్!" అని కేక పెట్టి, అద్దం మీద రెండు చేతులతో బాదాను. చప్పుడు ఆగింది. బల్ల బయటికి జారింది. ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. బాబాయి కళ్ళు చికిలిస్తూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తల కదిలిపోయింది, ఈ ముక్క మళ్ళీ తీయాలి అని ఆమె నా మీద విరుచుకుపడింది.

"ఏమైంది బాబాయ్? వేలెందుకు ఆడించలేదు?" 

ఆయన నోటి పక్క కారిన చొంగ భుజానికి తుడుచుకుని సిగ్గుపడ్డాడు.

"నిద్దరట్టీసినాది రా."

"ఆ చప్పుడులోనా? అందులో పడుకుని నిద్రెలా పట్టింది నీకు?"

"బయట నువ్వున్నావు కదా" అని, ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.